ఫోటో వెనక రాసిన మాట



రేడియోలో ఫోటోల గురించి మాట్లాడమన్నప్పుడు ముందు నవ్వొచ్చింది. చూపించే వీల్లేని చోట బొమ్మల గురించి చెప్పడమేమిటని. తర్వాత ఆలోచిస్తే ఒకందుకు ఇదే నయమనిపించింది. ఫోటో చేతికిస్తే జనం అరక్షణం చూసి, 'అయ్యో పాపం' అని తిరిగి ఇచ్చేస్తారు. చెబితే కాసేపైనా వింటారు. కాబట్టి ఇవాళ మీకు నాలుగైదు బొమ్మలు చెబుతాను. కళ్ళు మూసుకుని చూడండి. బండి నడుపుతూ వింటున్నవాళ్ళు మాత్రం తెరిచే ఉంచండి.

మాది బాలానగర్. నర్సాపూర్ చౌరస్తాకి దగ్గర్లో ఇరవై ఏళ్ళ పైన ఫోటో స్టూడియో నడిపాను. పన్నెండడుగుల గది, నీలం తెర, ఒక స్టూలు, గోడకి అద్దం, దాని కింద దువ్వెన, పౌడరు డబ్బా, ఎవరొచ్చినా తొడుక్కునేందుకు ఒకే ఒక్క నల్లకోటు. ఐటీఐ పాసై అప్రెంటిస్‌గా చేరే కుర్రాళ్ళందరూ ఆ కోటులోనే దిగారు. పక్క షెడ్డులో లేత్ మిషన్లు నడుస్తుంటే మా డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు సన్నగా వణికేది. హెచ్ఏఎల్, ఐడీపీఎల్ వాళ్ళు, వందలకొద్దీ చిన్న షెడ్లలో జాబ్ వర్క్ చేసే టర్నర్లు, ఫిట్టర్లు, అందరూ మాకు గిరాకీయే. సోవియట్ సాయంతో కట్టిన ఐడీపీఎల్‌లో తొంభైల్లో ఉత్పత్తి ఆగిపోయాక గుర్తింపు కార్డు ఫోటోలు తగ్గాయి. రేషన్ కార్డు ఫోటోలు పెరిగాయి. కుటుంబమంతా వరుసగా నిలబడాలి, పసివాడి మొహం కూడా కనబడాలి. పేదవాళ్ళు ఫోటో దిగడమంటే మా పేటలో చాలామందికి అదే మొదటిసారి, చాలామందికి అదే ఆఖరుసారి.

మా పేటలోనే ఇంకో పెద్ద ఫోటోల వ్యవహారం ఉంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. ఇస్రో సంస్థ. ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల పైనుంచి తీసిన బొమ్మల్ని చదివి, ఎక్కడ పంట ఎండుతోందో, ఎక్కడ ఊరు మునిగిందో వాళ్ళు చెప్పగలరు. ఏ మండలానికి కరువొచ్చిందో ఆ బొమ్మలో తెలుస్తుంది. ఆ మండలం నుంచి మూట కట్టుకుని బస్సెక్కిన మనిషి మాత్రం అందులో కనబడదు. తప్పు ఉపగ్రహానిది కాదు లెండి, దాని పని అది చేస్తోంది. ఆ మనిషి బస్సు దిగేది మా వైపే. ఆమెని చూడాల్సింది నాబోటి నేలమీది కెమెరా వాడు. నేను ఎలా చూశానో చెబుతాను.

మొదటి బొమ్మ నాదే. 1998 ఎండాకాలం. మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య సైబర్ టవర్స్ లేస్తున్న రోజులు. ఆ నవంబరులోనే ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. దాని చుట్టుపక్కల కూడా ఎక్కడ చూసినా స్లాబులే. ఒక ఆదివారం కెమెరా భుజాన వేసుకుని అటు వెళ్ళాను. ఒక కట్టడం దగ్గర ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి, తలమీద సుట్టబట్ట, దాని మీద ఇనుప తట్ట. తట్టలోంచి కాంక్రీటు నీళ్ళు చెంపమీదికి జారుతున్నాయి. ఆమె వెనక, రెండు సర్వీ కట్టెల మధ్య పాత చీరతో కట్టిన ఊయల. ఊయల మీద ఎండ పడి, లోపల దీపం పెట్టినట్టు ఆ చీర మెరుస్తోంది. ఆ మెరుపు ఫ్రేములోకి రావాలని రెండడుగులు ఎడమకి జరిగాను. ఆమె ఆగింది, నావంక చూసింది. నొక్కాను.

"సారూ, మా ఫోటో మాకిస్తరా?" అంది.

"ఇస్తానమ్మా, వచ్చే ఆదివారం తెస్తా."

తేలేదు. పెళ్ళిళ్ళ సీజను, పని ఎక్కువగా ఉంది. మూడు వారాల తర్వాత గుర్తొచ్చి వెళ్తే స్లాబు కింద సెంట్రింగు కూడా విప్పేశారు. వాళ్ళు లేరు. ఆ ప్రింటుని మాత్రం ఒక పోటీకి పంపాను. ఊయల మీది వెలుగుని న్యాయనిర్ణేతలు తెగ మెచ్చుకున్నారు. ప్రోత్సాహక బహుమతి కింద గోడగడియారం ఇచ్చారు. ఇప్పటికీ నడుస్తోంది అది. పోటీ నిబంధన ప్రకారం ఫోటో వెనక శీర్షిక రాయాలి. నేను రాసిన మాట 'పేదరికం'.

ఆ మాట గురించి నేను పదిహేనేళ్ళకి పైగా ఆలోచించనేలేదు. ఆలోచింపజేసింది పాలగుమ్మి సాయినాథ్.

ఇంటిపేరు వినగానే మనవాడేనని తెలిసిపోతుంది కదా. 1957లో మద్రాసులో పుట్టారు. రాష్ట్రపతి వి.వి.గిరి గారి మనవడు. మద్రాసు లయోలా కాలేజీ, ఆ తర్వాత ఢిల్లీ జేఎన్‌యూలో చరిత్ర చదువు, 1980లో యూఎన్ఐ వార్తాసంస్థలో ఉద్యోగం, తర్వాత బొంబాయి 'బ్లిట్జ్' పత్రిక. అక్కడ పెద్ద కుర్చీయే ఉండేది. 1993లో దాన్ని వదిలేసి, ఒక ఫెలోషిప్ పట్టుకుని దేశంలోని అతి పేద జిల్లాల దారి పట్టారు. ఆ తిరుగుడులో దొరికిన ప్రయాణ సాధనాలు పదహారు రకాలట, కాలినడకే ఐదు వేల కిలోమీటర్లట. అందులోంచి 1996లో వచ్చిన పుస్తకం 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్'. కరువొస్తే అందరికీ పండగే అన్న ఎత్తిపొడుపు అది. ట్యాంకర్లకి, కాంట్రాక్టులకి, కమీషన్లకి కరువంత మంచి పంట లేదని. 2007లో మెగసెసే అవార్డు వచ్చింది. 2009లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఏ ప్రభుత్వం మీద రాస్తానో దాని చేతి బహుమతి పుచ్చుకోనన్నది ఆయన లెక్క. ఇదంతా పేపరు చదివేవాళ్ళకి తెలిసిందే.

తెలియంది ఫోటోల సంగతి. అలా తిరిగినన్నాళ్ళూ ఆయన మెడలో కెమెరా కూడా ఉంది. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తీసిన బొమ్మలతో ఒక ప్రదర్శన తయారుచేశారు. పేరు 'విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్'. పని కళ్ళెదుటే ఉంటుంది, చేసే ఆడది కంటికానదు అని అర్థం చెప్పుకోవచ్చు. 2014 డిసెంబరులో ఆయన 'పరి' అని గ్రామీణ భారతం కోసం ఒక భాండాగారం మొదలుపెట్టారు. తెలుగుతో సహా చాలా భాషల్లో అది నడుస్తోంది. ఆ బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఒక రాత్రి కంప్యూటర్లో చూపించింది.

అందులో మొదట్లోనే వచ్చే బొమ్మ ఇటుక బట్టీ. మన ఆంధ్రప్రదేశ్‌లోని బట్టీయే. ఒడిశా నుంచి వలస వచ్చిన ఆడవాళ్ళు వేడి వేడి ఇటుకలు తలమీద పెట్టుకుని, చెప్పులు లేని కాళ్ళతో ర్యాంపు ఎక్కుతున్నారు. నేను దాన్ని ముందు స్టూడియో వాడిలా చూశాను. వెలుతురు ఎటునుంచి, గీత ఎటు పోతోంది, అదీ ఇదీ. తర్వాత మా అమ్మాయి పక్కన రాసింది చదివింది. ఆ రోజు బయట 49 డిగ్రీల ఎండ. ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసే పొయ్యి దగ్గర అంతకంటే ఎక్కువ. ఆడమనిషికి రోజుకూలి పది, పన్నెండు రూపాయలు. మగవాడికి పదిహేను, ఇరవై. కాంట్రాక్టరు ముందే అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలకి కుటుంబాల్నే రైలెక్కించి తెస్తాడు. ఆ అప్పు తీరేదాకా కదలడానికి లేదు.

నేను లేచి లోపలికి వెళ్ళి బీరువాలోంచి నా ప్రింటు తీశాను. వెనక్కి తిప్పాను. 'పేదరికం'. అంతే. ఆ రోజు ఎండ ఎంతో నాకు తెలియదు. ఆమెకి కూలి ఎంతో అడగలేదు. ఏ ఊరు, ఏ మేస్త్రి తెచ్చాడు, అడ్వాన్సు ఎంత, ఏదీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఎపర్చరు ఎంత పెట్టానో.

ఇంకో బొమ్మ విజయనగరం వైపుది. మిట్టమధ్యాహ్నం, పొలంలో ఒక ఆడమనిషి నడుం వంచి పని చేస్తోంది. ఫోటో తీసేవాడి అలికిడి విని తల తిప్పి చూసింది. చూసింది గానీ నడుం ఎత్తలేదు. వంగే చూసింది. ఒక్కసారి నిటారుగా నిలబడి మళ్ళీ వంగడానికి ఎంత ఖర్చవుతుందో నాట్లేసినవాళ్ళకి తెలుసు. నాటు, కలుపు, కోత, అన్నీ వంగి చేసేవే. నాట్ల పనిలో నూటికి తొంభై మంది ఆడవాళ్ళేనని ఆ బొమ్మ దగ్గర రాసుంది. ఆ అంకె ఏ వ్యవసాయ నివేదికలోనో ఉంటే నేను పేజీ తిప్పేసేవాణ్ణి. ఆ వంగిన చూపు పక్కన ఉండబట్టి మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చివరి పదేళ్ళూ వంగే నడిచింది. మేం దాన్ని ముసలితనం అనుకున్నాం.

స్టూడియో వాడిగా నిజం చెప్పాలంటే సాయినాథ్ ఫోటోల్లో కొన్నిటికి వంకలు పెట్టగలను. ఇంకాస్త ఆగితే వెలుతురు బాగుండేది, ఇంకో అడుగు పక్కకి జరగాల్సింది అనిపిస్తుంది. కానీ ఆయన ఆగింది వెలుతురు కోసం కాదు. ఆయన బొమ్మల్లో లేమి మొహంలో ఉండదు, కూలి లెక్కలో ఉంటుంది. చూసేవాడు 'పాపం' అనేలోపే 'ఇంత పనికి ఇంతేనా?' అన్న ప్రశ్న వచ్చి పడుతుంది. జాలికీ లెక్కకీ ఉన్న తేడా అది.

ఆ బొమ్మల్ని పెట్టిన చోట్లు కూడా చూడండి. పెద్ద గ్యాలరీలతో ఆగలేదు. బస్‌స్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో పెట్టారు. బొమ్మలో ఉన్నవాళ్ళలాంటి మనుషులే వచ్చి బొమ్మని చూసుకోవాలని. గేటు దగ్గర జనం ఎలా ఆగుతారో మా బాలానగర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. షిఫ్టు వదిలాక టీ తాగుతూ, టిఫిన్ క్యారియరు చంకలో పెట్టుకుని, గోడమీద ఏదుంటే అది అక్షరం వదలకుండా చదివే జనం వాళ్ళు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన నేలమీద ఆకలిని కెమెరా తొలినాళ్ళలోనే చూసింది. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. కర్నూలు, కడప, బళ్ళారి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిన కరువు. అప్పుడు విల్లబీ వాలెస్ హూపర్ అని మద్రాసు సైన్యపు అధికారి తీసిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. బక్కచిక్కిన మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి, పెళ్ళి గ్రూపు ఫోటోలా సర్ది తీశాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆ ఎముకలకి కారణం మాత్రం ఫ్రేములో లేదు. అదే కాలంలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనుల్లో కూలిని కోసేశాడు. రోజంతా రాళ్ళు మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలోకి కూడా తక్కువ. 'టెంపుల్ కూలి' అని చరిత్రలో దానికి పేరే పడిపోయింది. ఆ ముక్క హూపర్ బొమ్మ కింద రాసుంటే అది వేరే బొమ్మ అయ్యేది.

1943 బెంగాల్ కరువులో ఇంకో తమాషా జరిగింది. తమాషా అనకూడదు, లక్షల మంది పోయారు. కరువు అన్న మాట అచ్చులో రాకుండా యుద్ధకాలపు సెన్సారు కాపలా కాసింది. బొమ్మల మాట నిబంధనల్లో రాయడం మర్చిపోయింది. కలకత్తా 'స్టేట్స్‌మన్' ఎడిటర్ ఇయాన్ స్టీఫెన్స్ ఆ సందు కనిపెట్టి, ఆగస్టు 22న వీధుల్లో పడి ఉన్నవాళ్ళ ఫోటోలు వేసేశాడు. అవి ఢిల్లీనీ లండన్‌నీ కదిలించాయి. ఆ ఏడాదే పాతికేళ్ళ సునీల్ జానా కూడా, కమ్యూనిస్టు నాయకుడు పి.సి.జోషి, చిత్రకారుడు చిత్తప్రసాద్‌లతో కలిసి కరువు జిల్లాలు తిరిగారు. ఆయన బొమ్మలు 'పీపుల్స్ వార్' పత్రికలో వచ్చాయి. రెండు మూడేళ్ళకి అమెరికా ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బోర్క్-వైట్‌తో దక్షిణాది కరువు ఊళ్ళు చూశారు. తెలంగాణ రైతాంగ పోరాటాన్నీ ఆయన కెమెరా చూసింది. 2012లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. చచ్చిపోతున్న మనిషికి చెయ్యందించకుండా కెమెరా ఎత్తడం ఎంత కష్టమో ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ మాట చదివినప్పుడు నాకంత అర్థం కాలేదు. నేను కరువులో తీయలేదు కదా, ఆదివారం మాదాపూర్‌లో తీశాను అనుకున్నాను.

అమెరికా సంగతి ఒకటి చెప్పి మళ్ళీ మన దగ్గరికి వస్తాను. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోతకొచ్చిన వలసకూలీల గుడారంలో డొరొతియా లాంగ్ ఒక తల్లి ఫోటో తీసింది. ఇద్దరు పిల్లలు చెరో భుజం మీద మొహం దాచుకున్నారు, ఒళ్ళో పసిగుడ్డు, తల్లి చెయ్యి గడ్డం దగ్గర. 'మైగ్రెంట్ మదర్' అంటే లోకమంతా గుర్తుపట్టే బొమ్మ. పేపర్లో పడగానే ప్రభుత్వం ఆ గుడారాలకి లారీల్లో తిండి పంపింది. అప్పటికే ఆ తల్లి అక్కణ్ణించి వెళ్ళిపోయింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని ప్రపంచానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ళ తర్వాత. పేరు కూడా అడగలేదని, ఒక కాపీ పంపుతానని పంపలేదని ఆమె ఫిర్యాదు. నేను అది చదివి గోడగడియారం వంక చూశాను.

మా చౌరస్తాలో 2021 జులైలో ఫ్లైఓవర్ తెరిచారు. ఆరు వరుసల వంతెన, బాబూ జగ్జీవన్ రామ్ పేరు. ఆ రోజు రిబ్బను కత్తిరించే కత్తెర మంత్రి తన చేత్తో పట్టుకోకుండా, ఆ వంతెన కట్టిన కూలీల్లో ఒకామెకి ఇచ్చారు. పాలమూరు వైపు నుంచి వలస వచ్చినామె. మర్నాడు పేపర్లన్నిట్లో ఆమె ఫోటో, కింద ఆమె పేరు, ఊరు. మంత్రులు ఫోటోల కోసం చాలా చేస్తారు, దాన్ని అంతకంటే పెద్దది చేయను. కానీ కూలిమనిషి ఫోటో కింద కూలిమనిషి పేరు అచ్చవడం నేను అంతకుముందు ఎన్నిసార్లు చూశానో వేళ్ళమీద లెక్కపెట్టగలను.

మొన్న సంక్రాంతి వెళ్ళాక, ఒక పొద్దున నా ప్రింటు కవర్లో పెట్టుకుని మూసాపేట కూలీల అడ్డాకి వెళ్ళాను. ఆమె దొరుకుతుందన్న పిచ్చి ఆశేం లేదు. ఎవరైనా గుర్తుపడతారేమోనని. ఏడు దాటింది. పారలు, తట్టలు, సద్ది డబ్బాలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ఇప్పుడు అడ్డాలో పాలమూరు యాస ఎంత వినబడుతుందో బీహారు హిందీ కూడా అంతే వినబడుతోంది. ఫోటో చేతులు మారింది. కొందరు నవ్వారు, "గిన్నొద్దులకా సారూ?" అని. చివరికి మెట్టుమీద కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేసిందట. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక, చిన్న పనులకి ఎవరైనా పిలిస్తే పోతుంది.

ఫోటోని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మొకం ఎరికలే సారూ," అంది. తర్వాత వేలు తట్ట మీద పెట్టింది. "మాలు జారుతున్నది సూడు. మిల్లర్ల నీళ్ళెక్కువ పోసిర్రు. గిది స్లాబు దినం. స్లాబు దినం గింత కూలెక్కువిస్తరు, బువ్వ గూడ పెడ్తరు. గీ సుట్టబట్ట గట్టుడు మా దిక్కుదే."

ఒక్క నిమిషంలో నేను అడగనివన్నీ ఆమె చదివేసింది. ఇరవై ఏళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి, ఆ తట్టలో ఏముందో నాకు చూడటం రాలేదు. కవరు మీద గబగబా రాసుకున్నాను. స్లాబు రోజు, మాలు పలుచన, పాలమూరు దిక్కు.

ఆమె ఇంకా ఫోటో తిరిగి ఇవ్వలేదు. వేలు మెల్లగా వెనక్కి జరిగి ఊయల దగ్గర ఆగింది. న్యాయనిర్ణేతలు మెచ్చుకున్న ఆ వెలుగు దగ్గర.

"పోరడు ఎండలున్నడు," అంది. "పొద్దుగాల గట్టినప్పుడు నీడుంటది. పొద్దెక్కినంక నీడ జరుగుతది. తట్టలు మోసెటోళ్ళకు సూసుకునే తీరిక యాడుంటది?"

ఫోటో నా చేతికిచ్చింది.

"నువ్వు గాడనే నిలవడ్డవు గద సారూ. జర అటు జరిపి కడితే అయిపోవు."